ఆయనెందుకు చెప్పేశాడు?

మా అమ్మాయికి ఆరేళ్ళు. రాత్రి పడుకునే ముందు ఒక కథ చదవాలని మా ఇద్దరికీ ఒప్పందం. ఏ కథ అన్నది తన ఇష్టం, ఎన్నిసార్లు అన్నదీ తన ఇష్టమే. గత రెండు నెలలుగా ఒకటే కథ నడుస్తోంది. గ్రిమ్ సోదరుల పన్నెండుమంది రాకుమార్తెల కథ, పిల్లల కోసం పెద్ద పెద్ద బొమ్మలతో తిరగరాసింది. పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేచోట దొరికింది. రాసినవాళ్ళ పేరు, బొమ్మలేసినవాళ్ళ పేరు ఉన్న పేజీని అంతకుముందు ఏ పిల్లో చింపేసింది. మిగతా పేజీలన్నీ ఉన్నాయి. నేను ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్తాను, తను బొమ్మలు చూస్తుంది.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. ఒక రాజుకి పన్నెండుమంది కూతుళ్ళు. అందరూ ఒకే గదిలో, వరసగా వేసిన మంచాల మీద పడుకుంటారు. రాత్రి బయట తలుపుకి గడియ వేసి తాళం పెడతారు. తెల్లారి చూస్తే పన్నెండు జతల చెప్పులూ అరిగి, చిరిగిపోయి ఉంటాయి. వీళ్ళు రాత్రుళ్ళు ఎక్కడికెళ్ళి నాట్యం చేస్తున్నారో కనిపెట్టినవాడికి కూతుళ్ళలో కోరుకున్నదాన్నిచ్చి పెళ్ళి చేస్తానని, తన తర్వాత రాజ్యం కూడా అతనిదేనని రాజు చాటింపు వేయిస్తాడు. గడువు మూడు రాత్రులు. రాకుమారులు వస్తారు, అమ్మాయిలిచ్చిన ద్రాక్షసారా తాగి నిద్రపోతారు, ఓడిపోతారు. చివరికి యుద్ధంలో దెబ్బతిని కొలువుకి పనికిరాకుండా పోయిన ఒక బీద సిపాయి వస్తాడు. దారిలో ఒక ముసలమ్మ అతనికి రెండిచ్చింది. ఒకటి సలహా, సారా తాగొద్దని. ఇంకోటి ఉత్తరీయం, కప్పుకుంటే ఎవరికీ కనపడడు. అతను గడ్డం కింద స్పాంజి కట్టుకుని సారా అందులోకి ఒంపేస్తాడు, గురక నటిస్తాడు, వాళ్ళ వెనకాలే నేలమాళిగలోకి దిగుతాడు. వెండాకుల చెట్లు, బంగారపాకుల చెట్లు, వజ్రాల చెట్లు. ఒక సరస్సు, పన్నెండు పడవలు, పన్నెండుమంది రాకుమారులు, అవతలి ఒడ్డున దీపాలతో వెలిగే కోట. తెల్లవారుజామున మూడింటి దాకా నాట్యం. మూడు రాత్రులు చూసి, సాక్ష్యంగా మూడు కొమ్మలూ ఒక గిన్నే పట్టుకెళ్ళి రాజు ముందు పెడతాడు. పెద్దమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు.

ఈ పుస్తకం బొమ్మలేసినవాళ్ళకి ఒక చిక్కొచ్చింది. కనపడని మనిషిని బొమ్మలో ఎలా చూపించాలి? వాక్యం "ఎవరికీ కనపడలేదు" అని చేతులు దులిపేసుకోగలదు. బొమ్మ అలా తప్పించుకోలేదు. వీళ్ళు చేసిందేమిటంటే సిపాయిని లేత నీలంలో, వెనకున్న చెట్లు కనిపించేంత పల్చగా గీశారు. రాకుమార్తెలకి కనపడడు, మనకి కనపడతాడు. మా అమ్మాయి ప్రతి పేజీలో వేలు పెట్టి "ఇడుగో, ఇక్కడున్నాడు!" అని పట్టుకుంటుంది. మెట్ల మీద చిన్నమ్మాయి గౌను అంచు అతను తొక్కే పేజీ వస్తే నవ్వు ఆగదు. మొదటి నెలంతా మాకు ఈ కథంటే ఆ దొంగాటే.

ఒకరోజు చివరి పేజీ దగ్గర అడిగింది. "నాన్నా, ఆయనెందుకు చెప్పేశాడు?"

రాజుగారు కనుక్కోమన్నాడు కదమ్మా అన్నా.

"వాళ్ళు డాన్సే కదా చేశారు. కంప్లెయింట్ ఎందుకు చేశాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకంలోనూ లేదు. ఎందుకు లేదో చూద్దామని ఆ రాత్రి గ్రిమ్ మూలాన్ని దాని ఇంగ్లీషు అనువాదంతో పక్కపక్కన పెట్టుకుని కూచున్నా. (నా జర్మన్, రెండేళ్ళ కింద ఆఫీసు వాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్ పంపిస్తారన్న ఆశతో నేర్చుకున్న జర్మన్. పంపలేదు.)

మూలంలో మొదట తగిలేది పేరు. 1815లో గ్రిమ్ సోదరుల రెండో సంపుటిలో వచ్చిన ఈ కథ పేరులో రాకుమార్తెలు లేరు. "నాట్యమాడి అరగదీసిన చెప్పులు" అని దాని అర్థం. ఇంగ్లీషులో తర్వాత స్థిరపడిన పేరు అమ్మాయిలది, జర్మన్‌లో ఉన్నది సాక్ష్యం పేరు. పోలీసు ఫైలు మీద రాసే శీర్షికలా ఉంటుంది.

రెండోది తలలు. మా పుస్తకంలో ఓడిపోయిన రాకుమారులు "తలలు దించుకుని ఇంటికి వెళ్ళిపోతారు." గ్రిమ్‌లో తలలు తెగిపోతాయి. మూడు రాత్రుల్లో కనిపెట్టలేకపోతే ప్రాణం పోతుందని చాటింపులోనే ఉంది. మొదటి రాకుమారుడి తల దయ లేకుండా తీయించేస్తారు. ఆ తర్వాత ఎంతోమంది వచ్చి అలాగే ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో అయిపోతాయి, గ్రిమ్ కథల్లో చావు ఎప్పుడూ అంతే. ఆరేళ్ళ పిల్ల పడుకోబోయే ముందు తలలు నరకడం చదవలేం, అర్థం చేసుకోగలను. నేనైనా తీసేసేవాణ్ణే. కానీ తలలు తీసేస్తే వాటితో పాటు ఇంకేం పోయిందో చూడండి.

సిపాయికి చెప్పడానికున్న కారణం పోయింది. గ్రిమ్‌లో అతను చెప్పకపోతే చస్తాడు. మా పుస్తకంలో చెప్పకపోతే తల దించుకుని ఇంటికెళ్తాడు. ప్రాణం కోసం నోరు విప్పినవాడు కాస్తా రాజ్యం కోసం చాడీలు చెప్పినవాడయ్యాడు. మా అమ్మాయి ప్రశ్న ఆ పుస్తకానికి సంబంధించినంత వరకు నూటికి నూరుపాళ్ళు సరైన ప్రశ్న.

రాజు నేరం కూడా పోయింది. మా పుస్తకంలో రాజు బొద్దుగా, కంగారుగా, చెప్పుల ఖర్చు చూసి తల పట్టుకునే మామూలు నాన్న. మూలంలో కూతుళ్ళ రహస్యం కోసం పరాయి తల్లుల కొడుకుల్ని చంపించిన మనిషి.

ఇక రాకుమార్తెల సంగతి. తలలుంటే వాళ్ళూ అంత అమాయకులు కారు. సిపాయి గురక విని పన్నెండుమందీ నవ్వుతారు. వీడు కూడా ప్రాణం దక్కించుకుని ఉండాల్సింది అన్న అర్థంలో పెద్దమ్మాయి ఒక మాటంటుంది. అంటే పొద్దున ఏం జరుగుతుందో వాళ్ళకి తెలుసు. తెలిసే సారాలో మత్తు కలిపారు. చిన్నమ్మాయికి మాత్రం ఏదో కీడు శంకిస్తూ ఉంటుంది, గౌను ఎవరో పట్టుకున్నారంటుంది, కొమ్మ విరిగిన చప్పుడు విందంటుంది. ప్రతిసారీ పెద్దక్క నోరు మూయిస్తుంది. పన్నెండుమందిలో కథ గొంతునిచ్చింది ఈ ఇద్దరికే, తక్కిన పదిమందీ మంచాలూ గౌన్లూ నింపడానికున్నారు. ఒకరి స్వేచ్ఛకి ఇంకొకరి తల ఖరీదైతే ఆ స్వేచ్ఛ న్యాయమైనదేనా అన్నది మూలకథ అడిగే ప్రశ్న. తలలు తీసేసిన పుస్తకంలో ఈ ప్రశ్నకి చోటే లేదు. పిల్లలకి భయం లేకుండా చేయబోయి, ఆలోచించడానికేమీ లేకుండా చేశారు.

నా మటుకు నాకు ఆ తలల బరువు రాకుమార్తెల మీద వేయబుద్ధి కాదు. చంపే చట్టం రాజుది. వచ్చినవాళ్ళు షరతు తెలిసే వచ్చారు, తమని ఎన్నడూ చూడని అమ్మాయిల గుట్టు లాగి, వాళ్ళలో ఒకరినీ దాంతోపాటు రాజ్యాన్నీ పట్టుకుపోదామని వచ్చారు. తమ మీదకి పంపిన గూఢచారి ప్రాణం కాపాడటం కోసం తమ గుట్టు తామే చెప్పుకోవాల్సిన బాధ్యత ఎవరికైనా ఉంటుందా? ఉండదనే అనుకుంటా. కానీ ఆ నవ్వు మాత్రం ముల్లులా గుచ్చుకుంటుంది. నిద్రపుచ్చడం వేరు, నిద్రపోయినవాణ్ణి చూసి నవ్వడం వేరు.

మూడోది నేను అంతకుముందు ఏ పిల్లల పుస్తకంలోనూ గమనించనిది. వెండికొమ్మ ఫట్‌మని విరిగినప్పుడు, అది తుపాకుల సంబరమనీ, మన రాకుమారుల్ని త్వరలో విడిపించబోతున్నాం కదా అందుకనీ పెద్దమ్మాయి చెల్లెలికి సర్దిచెప్తుంది. విడిపించడం! అంటే కింద సరస్సు దగ్గర పడవలతో ఎదురుచూసే ఆ పన్నెండుమంది ఏదో శాపంలో ఉన్నారు. వీళ్ళు రాత్రంతా ఆడే నాట్యం ఆ శాపం విప్పే పని. కథ ఆఖరి వాక్యంలో, ఎన్ని రాత్రులు నాట్యమాడారో అన్ని రోజులు ఆ రాకుమారులు మళ్ళీ శాపంలో పడ్డారని ఉంటుంది. అంతే, ఇంకో వివరం లేదు. పెద్దమ్మాయి పెళ్ళి అదే రోజు జరిగిపోయింది, కింద పన్నెండుమంది మళ్ళీ మొదటికొచ్చారు.

సిపాయి రాజుతో చెప్పిందంతా నిజమే. ఎక్కడికెళ్ళారు, ఎవరితో ఆడారు, ఎన్ని గంటల దాకా, అన్నీ ఆధారాలతో సహా. ఎందుకు అన్నది మాత్రం లేదు. అతనికీ తెలీదు, తెలుసుకోవాలని అనుకున్నట్టూ కనపడదు. మా పనిలో లాగ్ అని ఒకటుంటుంది. ఏ నిమిషానికి ఏం జరిగిందో సిస్టమ్ తనకు తాను రాసుకుంటూ పోయే చిట్టా. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే మాకదే దిక్కు. అందులో "ఏం జరిగింది" ఉంటుంది, "ఎందుకు" ఉండదు. ఎందుకన్నది మనిషిని లేపి అడగాల్సిందే. సర్వర్లకి సరిపోయే ఆ చిట్టాని మనుషుల మీద పెట్టమని ఒక ఉద్యోగంలో నాకు పని అప్పజెప్పారు. ఎవరి కీబోర్డు ఎంతసేపు ఊరకున్నదో లెక్కగట్టే పని. చేశాను. బాగానే చేశానని మెచ్చుకున్నారు కూడా.

మన ఏడు చేపల కథ ఇక్కడ గుర్తొస్తుంది. ఎండని చేపని పట్టుకుని ఎందుకెండలేదని నేరుగా చేపనే అడుగుతారు. అది గడ్డిమోపు మీద చెప్తే గడ్డిమోపుని, అది ఆవు మీద చెప్తే ఆవుని, అలా చీమ దాకా ప్రతి ఒక్కరినీ అడుగుతూ పోతారు. చీమకి కూడా తన కారణం చెప్పుకునే అవకాశం ఉంది. గ్రిమ్ కథలో రాజు కూతుళ్ళని అడిగేది ఒక్కసారే, అన్నీ అయిపోయాక. అదైనా ఎందుకని కాదు. ఈ సిపాయి చెప్పింది నిజమేనా అని. వాళ్ళు తలుపు వెనక నిలబడి అంతా విన్నారు, అబద్ధమాడి లాభం లేదని ఒప్పుకున్నారు.

నిజం చెప్పి పాపం కట్టుకున్నవాళ్ళ గురించి మనకి బాగా తెలిసిన కథ మహాభారతంలో ఉంది. కర్ణపర్వంలో, గాండీవాన్ని ఇంకొకరికిచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానన్న ఒట్టు కోసం అర్జునుడు ధర్మరాజు మీదకే కత్తి దూస్తే కృష్ణుడు చెప్తాడు. కౌశికుడనే తపస్వి, ఎప్పుడూ నిజమే చెప్తానని వ్రతం పట్టినవాడు. దొంగలకి భయపడి కొందరు అడవిలో దాక్కుంటారు. వెంటాడుతూ వచ్చిన దొంగలు ఎటు పోయారని అడిగితే కౌశికుడు ఉన్నదున్నట్టు చెప్తాడు. దొంగలు వాళ్ళని చంపుతారు, కౌశికుడు నరకానికి పోతాడు. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797లో రాసిన వ్యాసంలో ఇలాంటి ఘట్టాన్నే తీసుకుని సరిగ్గా ఎదురు తీర్పిచ్చాడు. హంతకుడు తలుపు దగ్గరకొచ్చి అడిగినా అబద్ధం చెప్పే హక్కు లేదన్నాడు. నేను కృష్ణుడి వైపే. అయినా కౌశికుణ్ణి తీసుకొచ్చి సిపాయి పక్కన నిలబెడితే సిపాయి కొంచెం మెరుగ్గానే కనిపిస్తాడు. కౌశికుడికి పోయేదేమీ లేదు, తన వ్రతం తప్ప. సిపాయికి తల పోతుంది. పైగా అతను చెప్పిన నిజం వల్ల ఆ అమ్మాయిల్ని ఎవరూ చంపలేదు.

ప్లేటో "రిపబ్లిక్" రెండో భాగంలో గైజిస్ ఉంగరం కథ కూడా ఈ సిపాయికి దగ్గరి చుట్టమే. భూమి బద్దలై ఏర్పడిన గోతిలోకి దిగిన ఒక గొర్రెల కాపరికి ఉంగరం దొరుకుతుంది. రాయి లోపలికి తిప్పితే మాయమవుతాడు. దాంతో అంతఃపురంలో చేరి, రాణిని లోబరుచుకుని, రాజుని చంపి, రాజ్యం కాజేస్తాడు. ఎవరికీ కనపడకపోతే మంచివాడైనా చెడ్డవాడైనా ఒకేలా ప్రవర్తిస్తారు కదా అని గ్లాకన్ వాదన. సిపాయి కూడా నేల కిందకి దిగాడు, కనపడకుండా తిరిగాడు, రాకుమార్తె దొరికింది, రాజ్యం దొరికింది. తేడా ఒక్కటే, ఇతనికి రాజు అనుమతి ఉంది. కాపరిని మనం దొంగ అంటాం, సిపాయిని అల్లుడు అంటాం.

ఇలా ఎన్ని ఉదాహరణలు తెచ్చినా, సిపాయి చెప్పడాన్ని తప్పు పట్టడం నాకు కుదర్లేదు. తల పణంగా పెట్టినవాణ్ణి నువ్వెందుకు మౌనంగా ఉండలేదని అడగడానికి నేనెవర్ని. కానీ మూలంలో ఇంకొక్క వాక్యం ఉంది. మొదటి రాత్రి అతను అంతా చూశాడు. దారి తెలిసింది, కొమ్మలు దొరికాయి. పొద్దున రాజు దగ్గరకి వెళ్ళి చెప్పేయొచ్చు. చెప్పడు. ఆ వింతని ఇంకా చూడాలనిపించి రెండో రాత్రీ మూడో రాత్రీ కూడా వెళ్తాడు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. దానికి కారణం పుస్తకం కాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా అక్కకి పద్దెనిమిది. తెనాలి దగ్గర ఊరు మాది. అక్క డిగ్రీ మొదటి సంవత్సరం. శనివారాలు స్పెషల్ క్లాసులని సాయంత్రం ఆరు దాటాక వచ్చేది. చెప్పులు, చీర కుచ్చిళ్ళు ఎర్రమట్టి కొట్టుకుని ఉండేవి. కాలేజీ దగ్గర ఎర్రమట్టి లేదు. మా నాన్న అక్కని అడగలేదు. నన్ను పిలిచి, "ఒరే, శనివారం అక్క కాలేజీ అయ్యాక ఎటు పోతుందో చూసి రారా, దానికి తెలియనీకు" అన్నాడు. ఖర్చుకి ఐదు రూపాయలిచ్చాడు.

మొదటి శనివారమే చూసేశాను. అక్క, తన స్నేహితురాలు కాలేజీ వెనక రోడ్డు మీదుగా ఊరి చివర ఖాళీ స్థలానికి వెళ్ళారు. స్నేహితురాలి అన్న స్కూటర్ తెచ్చాడు. వాళ్ళిద్దరికీ బండి నేర్పుతున్నాడు. అక్క నడుపుతుంటే అతను వెనక పట్టుకుని పరిగెత్తాడు, ఒకసారి వెనక ఎక్కి కూచున్నాడు. అక్క కిందపడింది. లేచి నవ్వింది. ఇంట్లో అక్క అలా నవ్వడం నేను చూడలేదు.

ఆ రోజు నాన్నతో "కనపడలేదు నాన్నా, సందులో తప్పిపోయింది" అన్నాను. అక్కని కాపాడదామని కాదు. ఇంకో శనివారం కావాలని. సైకిల్ మీద దూరంగా వెళ్ళడం, గోడ చాటున నక్కడం, ఐదు రూపాయలతో సోడా తాగడం, నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి కడుపులో పెట్టుకుని అక్క పక్కన కూచుని అన్నం తినడం, అన్నీ బాగున్నాయి. రెండో శనివారం వెళ్ళా. మూడో శనివారం వెళ్ళా. ఆ రాత్రి చెప్పేశా. "అక్క ఎవరో అబ్బాయిని బండి మీద ఎక్కించుకుని తిరుగుతోంది." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంట్లో కేకలేమీ లేవు. సోమవారం నుంచి అక్క కాలేజీకి వెళ్ళలేదు. డిగ్రీ ప్రైవేటుగా కట్టింది, మరుసటి ఏడాది పెళ్ళయింది. బావ మంచివాడే. నాకు క్రికెట్ బ్యాటొచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదని, సంక్రాంతికి ఎలాగూ కొనేవాళ్ళేనని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నా.

మా నాన్న ఆ రాజులాంటివాడు కాదు. ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. ఊళ్ళో అంతకు రెండేళ్ళ ముందు ఒక అమ్మాయి గురించి లేచిన పుకారు, ఆ కుటుంబం ఊరొదిలిపోవడం ఆయన చూశాడు. ఆయన భయం నిజమైనదే. ఇప్పుడు నా ఫోన్లో మా అమ్మాయి స్కూలు బస్సు ఏ మలుపులో ఉందో చుక్కగా కదులుతుంది, ఆ చుక్క రెండు నిమిషాలు ఆగితే నా గుండె ఆగుతుంది, కాబట్టి ఆయన్ని అర్థం చేసుకోవడం నాకు మునుపటికంటే తేలికైంది. ఒప్పుకోవడం మాత్రం తేలిక కాలేదు. పక్కగదిలో ఉన్న కూతుర్ని అడిగి ఉంటే సరిపోయేది.

నా సంగతికొస్తే, చెప్పడం కంటే ఆ రెండో శనివారం, మూడో శనివారం నన్ను ఎక్కువ బాధపెడతాయి. మొదటి శనివారానికీ చెప్పిన రాత్రికీ మధ్య పద్నాలుగు రోజులున్నాయి. ఆ పద్నాలుగు రోజుల్లో ఏ పూటైనా అక్క దగ్గరకెళ్ళి, "అక్కా, నేను చూశాను, నాన్న చూసి రమ్మన్నాడు, ఏం చెప్పమంటావు" అని అడగొచ్చు. పన్నెండేళ్ళవాడికి ఆ మాత్రం తెలివి ఉంటుంది. సిపాయికీ మధ్యలో రెండు పగళ్ళున్నాయి. ఆ పెద్దమ్మాయి అదే కోటలో తిరుగుతోంది. నాకు తెలిసిపోయింది, నా తలకి మూడురోజులే గడువు, ఏం చేద్దామంటావని అడగొచ్చు. ఆమె మళ్ళీ మత్తుమందు ఇచ్చేదేమో, తిట్టేదేమో, లేక కింద ఉన్నవాళ్ళ శాపం సంగతి చెప్పి ఇంకొన్ని రాత్రులు ఆగమని బతిమాలేదేమో. అడిగి ఉంటే ఆమె అతనికి ఒక మనిషిగా ఎదురయ్యేది. అడగలేదు గనక చివరిదాకా చూడదగిన వింతగానే మిగిలింది, ఆ తర్వాత బహుమతి అయింది. ఎవరు కావాలని రాజు అడిగితే, నేనేం కుర్రాణ్ణి కాదు, పెద్దమ్మాయినే ఇవ్వండి అంటాడు. ఆమె ఏమందో కథలో లేదు.

అడిగిన కథ ఒకటి ఉంది. ఆండ్రూ లాంగ్ 1890లో వేసిన "రెడ్ ఫెయిరీ బుక్"లో ఇదే కథకి ఒక ఫ్రెంచి రూపం ఉంటుంది. అందులో సిపాయి లేడు, మైకేల్ అనే పశువుల కాపరి కుర్రాడు తోటపనికి చేరతాడు. ఓడినవాళ్ళ తలలు తెగవు, వాళ్ళు మాయమైపోతారు. నిజానికి కింద కోటలో మంత్రపు పానీయం తాగి, మనసు పోగొట్టుకుని నాట్యమాడుతూ ఉన్నది వాళ్ళే. మైకేల్ కూడా కనపడకుండా వెంట వెళ్తాడు, అన్నీ చూస్తాడు. కానీ రాజు దగ్గరకి వెళ్ళడు. తెచ్చిన వెండి రెమ్మని చిన్న రాకుమార్తె లీనాకి ఇచ్చే పూలగుత్తిలో పెడతాడు. నాకు తెలుసు అని ఆమెకే ముందు చెప్పడం అది. ఆమె డబ్బిచ్చి నోరు మూయించాలని చూస్తుంది, అతను మౌనాన్ని అమ్ముకోనంటాడు. చివరికి అక్కచెల్లెళ్ళు అతన్నీ కిందకి తీసుకెళ్తారు, ఆ పానీయం ఏమిటో తెలిసీ అతను తాగబోతాడు, లీనా వద్దని అరుస్తుంది. ఆ అరుపుతో శాపమంతా విడిపోతుంది. ఈ కథనం కొంచెం తియ్యగా ఉంటుంది, అమ్మాయిల ఆట చివరికి ఎలాగూ ముగిసిపోతుంది, ఆ అభ్యంతరాలు నాకున్నాయి. రూత్ శాండర్సన్ 1990లో బొమ్మలతో చేసిన పుస్తకం లాంటివి ఈ మైకేల్ దారినే పట్టాయి. తలలు లేకుండా కథ చెప్పాలంటే మా పుస్తకంలా సిపాయి కథని కత్తిరించడం కంటే ఇదే నిజాయితీగా ఉంటుంది. ఇక్కడ తెలుసుకున్నవాడికీ తెలిసిపోయినవాళ్ళకీ మధ్య ఒక మాట నడిచింది.

గత నెల అక్కకి ఫోన్ చేశా. వారం వారం మాట్లాడుకుంటాం, పిల్లల చదువులు, అమ్మ మోకాళ్ళు. ఆ శనివారాల గురించి ఇరవై ఏళ్ళ పైగా మా మధ్య ఒక్క మాట రాలేదు. నేరుగా ఎత్తలేక, మేనకోడలు ఇలా అడిగిందే అక్కా అని కథ మొత్తం చెప్పా. పెళ్ళి దాకా చెప్పి ఆపా. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆయన్నెందుకురా అనడం. కాళ్ళు పోయినవాడు, తిండి లేనివాడు" అంది. నేను సరిచేశా, కాళ్ళు పోలేదక్కా, గాయపడ్డాడంతే అని.

"సర్లే. ఆ పెద్దామె, పెళ్ళయ్యాక మళ్ళీ ఎప్పుడైనా డాన్స్ చేసిందంటనా?"

కథలో లేదక్కా అన్నా.

"నువ్వు అబద్ధం చెప్పలేదులేరా అప్పుడు," అంది. నేను ఏ అప్పుడని అడగలేదు. "చూసి వచ్చేటప్పుడు నాకొక మాట చెప్పుంటే బాగుండేది. నువ్వు గోడ చాటున ఉండటం రెండోసారి చూశాన్నేను. వస్తావేమో, నిన్నూ బండి ఎక్కించుకుందాం అనుకున్నా." కుక్కర్ విజిలొచ్చిందని పెట్టేసింది.

అక్క ఇప్పటికీ బండి నడపదు. అవసరం రాలేదంటుంది.

మా అమ్మాయి ఇంకా అదే పుస్తకం తెస్తోంది. తలల సంగతి నేనింకా చెప్పలేదు, ఇంకో రెండేళ్ళాగి చెప్తా. శాపం సంగతి మాత్రం చెప్పా, కింద ఉన్నవాళ్ళని విడిపించడానికే వాళ్ళు వెళ్ళేవాళ్ళని. విని, వెండిచెట్ల పేజీకి వెనక్కి తిప్పి, నీలంగా ఉన్న సిపాయి దగ్గర వేలు పెట్టి, "ఈయనకి ఎవరైనా చెప్పొచ్చు కదా" అంది. ఎవరు చెప్తారమ్మా, వాళ్ళకి ఆయన కనపడడు కదా అన్నా. "అయితే ఆయనే అడగాలి," అని పేజీ తిప్పమంది.